గుప్తులు గార్లకు వచ్చిన రోజు

జానకి చేతులు ఊరుకోవు. ఆఫీసులో ఎవరి కంప్యూటర్ ముందు నిలబడినా "జర జరుగు" అని వాళ్లను పక్కకు జరిపి తానే టకటకా కొట్టేస్తుంది. ఒట్టి ఇంజనీరుగా ఉన్నన్నాళ్లు ఆ చేతులకు మంచి పేరే ఉండేది. జనగామలో బట్టల దుకాణం పైన ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు యజమాని సోమేశ్వర్, ఆ పేరు చూసే ఆమెను టీమ్ లీడ్ చేశాడు. టీమ్ అంటే మరీ పెద్దదేం కాదు. జైపాల్, సక్రి, అంతే.

లీడ్ అయిన సంగతి జానకికి తెలిసింది గానీ ఆమె చేతులకు తెలియలేదు. జైపాల్ రాసింది అతను ఇంటికి పోయాక చెరిపి మళ్లీ రాసేది. సక్రికి ఇచ్చిన పని సక్రి చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయేది.

"అక్కా, మాకు పనేం లేదు గని, కుర్చీలు తుడవాల్నా?" అంది సక్రి ఒకరోజు. జానకి నవ్వింది. జైపాల్ నవ్వలేదు.

కొత్త యాప్‌ను పరీక్షించడానికి ముగ్గురూ గార్ల అనే ఊరికి పోతుంటే, రైల్లో జైపాల్ అసలు మాట బయటపెట్టాడు. "వరంగల్‌ల ఇంకో ఆఫీసోళ్లు పిలుస్తున్నరక్కా. సోమవారం నుంచి రాననుకుంటున్న."

"ఏమైంది? సార్ ఏమన్న అన్నడా?"

"ఎవ్వరేమనలే. మన యాప్‌ల నేను రాసింది ఒక్క లైను లేదు. ఏం పని చేస్తున్నవ్ బిడ్డా అని మా బాపు అడిగితే ఏం చెప్పాలె? అక్క చేస్తుంటే చూస్తున్న అని చెప్పాల్నా?"

జైపాల్ నెమ్మది మనిషే గానీ, జానకికి కనిపించని తప్పు అతనికి కనిపిస్తుంది. అతను పోతే ఇక టీమ్ ఎక్కడిది, లీడ్ ఎక్కడిది? ఉండమని అడగడానికి ఆమె నోరు తెరిచేలోపే గార్ల వచ్చేసింది.

గార్ల బడిలో ఆ రోజు వాళ్ల యాప్‌కు మొదటి పరీక్ష. తెలంగాణ సాయుధ పోరాటం నాటి సంగతులు ముసలివాళ్లు చెప్తుంటే ఫోను విని, ఆ మాటలను తెర మీద రాసిపెట్టాలి. అందరికంటే ముందు గట్టమ్మను కూర్చోబెట్టారు. పోరాటం రోజుల్లో ఆమె జనగామ దిక్కు ఒక ఊళ్లో చిన్నపిల్ల.

"చెప్పు అవ్వా," అంది జానకి.

"ఏం చెప్పాలె బిడ్డా? దొర మనుషులొస్తున్నరంటే మా నాయినోళ్లు గుత్పలు పట్టుకొని ఉరికిన్రు. పిల్లలం మేం ఎనక ఎనక పోయినం. మా అవ్వ నన్ను జుట్టు వట్టి గుంజుకొచ్చింది."

గుత్ప అంటే చేతికర్ర అని అక్కడున్న అందరికీ తెలుసు. ఫోనుకే తెలియదు. తెర మీద ఇలా వచ్చింది: "మా నాన్నగారు వాళ్లు గుప్తులను పట్టుకొని పరుగెత్తారు. పిల్లలము మేము వెనుక వెనుక వెళ్లాము."

"నువ్వు గుప్తుల కాలం దానివానే గట్టవ్వా? గంత వయసు కనవడ్తలేదు!" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒక ముసలాయన. బడంతా గొల్లుమంది.

ఏం రాసిందో చదివించుకొని విన్న గట్టమ్మ చిన్నబోయింది. "నాన్నగారా? నేను గట్లన్ననా?"

జానకికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియని మాట వినపడితే పుస్తకాల తెలుగులోకి దిద్దే ఆ భాగాన్ని ఎండాకాలమంతా కూర్చుని రాసింది ఆమే. చేతులు వాటంతటవే ల్యాప్‌టాప్ మీదికి పోయాయి. గుత్ప అనే మాట చేరిస్తే సరి, చిటికెలో పని.

ఎదురుగా జైపాల్ చేతులు కట్టుకొని గోడకు ఆనుకొని ఉన్నాడు, అప్పుడే వరంగల్ వెళ్లిపోయినవాడిలా.

ఆమె ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది. "జైపాల్, నువ్వు చూడు."

"నేనా?"

"నువ్వే. నా తప్పు నాకు కనవడ్తలేదు."

అతను కూర్చున్నాడు. ఒక వేలు కదిలింది, చాలాసేపటికి ఇంకో వేలు. జానకి తన చేతులను తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చుంది.

"గీ పిల్లకు చలి వెడ్తుందా ఏంది?" అంది గట్టమ్మ.

"చలి కాదవ్వా, చేతులకు దురద," అంది సక్రి.

జైపాల్ తలెత్తాడు. "అక్కా, ఇయ్యాల గుత్ప చేరిస్తే రేపు ఇంకో మాటకు నవ్వుతరు. నువ్వు రాసిన దిద్దుబాటు మొత్తం తీసెయ్యాలె. అప్పుడు విన్నది విన్నట్టే రాస్తది. తీసెయ్యాల్నా?"

ఎండాకాలమంతా కూర్చుని రాసింది! జానకి తెర మీదికి వంగి ఆ లైన్లను ఒకసారి చూసుకుంది. అతని వేలు గాల్లోనే ఆగి ఉంది.

"తీసెయ్యి."

గట్టమ్మ మళ్లీ మొదటి నుంచి అందుకుంది, ఈసారి ఇంకాస్త హుషారుగా. తెర మీద వచ్చింది వచ్చినట్టు సక్రి గట్టిగా చదివింది: "మా నాయినోళ్లు గుత్పలు పట్టుకొని ఉరికిన్రు. ఎనక ఎనక పోయినం. ఖళ్ ఖళ్. జర నీళ్లియ్యున్రి."

"ఆఁ, గిది నా మాట," అంది గట్టమ్మ. "దగ్గు గూడ నాదే!"

తిరుగు రైల్లో జైపాల్ కిటికీ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లోంచి దించలేదు. "దగ్గులు రాయకుండ చెయ్యాలె అక్కా. సోమవారం రాంగనే దాని పని వడ్త."

"సోమవారమా?" అంది జానకి, గొంతులో సంతోషం దాచుకోలేక. "మరి వరంగల్ వాళ్లకేం చెప్తవ్?"

"నాకు పని దొరికిందని చెప్త," అన్నాడతను. "నువ్వు మాత్రం దాన్ని ముట్టకు."