పేనుబంక చుక్క

"పేలు చూసే పనికి అంత చదువెందుకే?" అని అత్తగారు అనని వారం లేదు.

ఆ ఉదయం కూడా కోడలు పాలగిన్నె తోముతుంటే వెనక నిలబడి అదే మాట అంది. కోడలు చూసేది తలలో పేలు కాదు, మొక్కల మీది పేనుబంక. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆవిడ కొడుకూ అదే ప్రయోగశాలకు వెళ్తాడు, అదే పురుగు పేరు చెప్పుకుని బతుకుతాడు. అయినా అతనిది పరిశోధన, ఈమెది పేలు చూడటం.

ఆకు తయారుచేసిన చక్కెర కాండం లోపలి సన్నటి గొట్టాల్లో వేళ్లకూ కాయలకూ పోతుంది. అది ఎలా పోతోందో తెలుసుకుందామని గొట్టం కోస్తే, గాయం తగలగానే అది మూసుకుపోతుంది. పేనుబంక మాత్రం వెంట్రుక కన్నా సన్నటి నోటి సూదిని అందులోకి గుచ్చి, మొక్కకు తెలియకుండా తాగేస్తుంది. అలా తాగుతున్నప్పుడే పురుగుకు మత్తిచ్చి, సూక్ష్మదర్శిని కింద సూదిని తెంపి, పురుగును తీసేయాలి. మొక్కలో మిగిలిన మొండి సూది కొసన రసం దానంతటదే చుక్కగా ఊరుతుంది. ఆ చుక్కల్లో చక్కెర కొలిచే ప్రయోగశాలకు పేరొచ్చింది. తెంపేది ఆమె. సభల్లో చెప్పేది అతను. "మేం తెంపాం" అంటాడు. ఆ 'మేం'లో ఆమె ఏ మూలన ఉందో ఎవరూ వెతకలేదు.

కొత్తగా పెట్టే విభాగానికి అధిపతిని ఎంచడానికి ఆ రోజు ముగ్గురు శాస్త్రవేత్తలు వస్తున్నారు. పని తెలిసినవాళ్లు ఎవరైనా వాళ్ల ముందు నిలబడవచ్చు. తనూ నిలబడతానని ఆమె అంటే, "ఒకే ఇంట్లోంచి ఇద్దరమేంటి, నలుగురూ నవ్వుతారు. నేనైతే నువ్వైనట్టే కదా" అన్నాడు భర్త, ఇస్త్రీకి చొక్కా అందిస్తూ. ఆమె ఇస్త్రీ చేసింది. "ఇవాళ నేనే తెంపి చూపిస్తాలే. అందులో ఏముంది బ్రహ్మవిద్య?" అని కూడా అన్నాడు.

వచ్చిన ముగ్గురిలో జుట్టు నెరిసిన పెద్దావిడ, సూక్ష్మదర్శిని కింద జరిగేది కనిపించే తెర దగ్గరికి కుర్చీ లాక్కుంది. పురుగులకు మత్తు ఎక్కకముందే అతను కత్తి ఆడించాడు. పైగా మొక్క మీదికి వంగి ఉపన్యాసం. ఊపిరి సోకిన పురుగులు సూదులు పీక్కుని చక్కా నడిచిపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఈ విడత పురుగులు మంచివి కావు" అన్నాడు. అంతలో కింది ఆకు మీద ఏదో మెరిసింది. "అదుగో, చూడండి. మొక్క రసం" అన్నాడు.

అది పేనుబంక తాగి, అరిగించుకుని, వెనకనుంచి వదిలిన చుక్క. ప్రయోగశాలలో చేరినవాళ్లకు మొదటి వారంలోనే నేర్పే తేడా అది. తెలియక అన్నాడో, తెలిసే దబాయించాడో. రెండూ సిగ్గుచేటే.

"ఇది సూదిలోంచి వచ్చిందేనా?" అని అడిగింది పెద్దావిడ.

అతను భార్య వైపు చూశాడు. బంధువుల ముందు అబద్ధమాడినప్పుడల్లా తలూపమని ఆమె వైపు చూసే చూపే అది. "చెప్పు, నువ్వూ చూశావుగా" అన్నాడు.

ఆ చూపుకు ఇన్నేళ్లూ ఆమెకు కోపం వచ్చేది. కోపంలో ఇంకా కాస్త ఆశ ఉంటుంది, మనిషి మారతాడేమోనని. ఇవాళ వచ్చింది రోత. ఇతనికా తను భయపడింది? కళ్లు లాగేస్తుంటే తెంపిన సూదులన్నీ, మడత నలగకుండా ఇస్త్రీ చేసిన చొక్కాలన్నీ ఈ నోటి మాట నిలబెట్టడానికా? తను తలూపిన ప్రతిసారీ అతను పెద్దవాడేం కాలేదు, తను మాత్రం ఇంత చిన్నదైపోయింది. ఇతని పరువు మోసే కూలి ఇక తన వల్ల కాదు.

"కాదండీ. అది పురుగు మలం" అంది.

అతను నవ్వబోయి, కుదరక, "ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు పళ్ల బిగువున.

"ఇది ఇంటి సంగతి కాదు" అని ఆమె పెద్దావిడ వైపు తిరిగింది. "ఇంకో మొక్క తెచ్చి రసం ఎలా వస్తుందో చూపిస్తాను. ఇక్కడ మొదటినుంచీ తెంపుతున్నది నేనే. చూశాక, ఆ పదవికి నన్ను కూడా ప్రశ్నలు అడగండి."

పెద్దావిడ సరేనని తలూపింది. ఆమె మొక్క తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను ఇంకా అక్కడే వంగి ఉన్నాడు.

"మీరు కాస్త అవతలికి జరగండి" అంది ఆమె భర్తతో. "మీ ఊపిరికి పురుగులు నిలవవు."