జెమీమా పుట్టిన వేళ

నాకు కోపం ఎక్కువని మా ఆయన అంటాడు. ఉండదా మరి? చైనీస్ హోటల్ నుంచి వచ్చిన సంచీలో ఓ కాగితం ముక్క ఉండి, అది నా కూతురు ఇల్లు వదిలి ఎక్కడికీ రాదని చెబితే ఎవరికైనా ఒళ్ళు మండదా?

అది రెండువేల ఇరవై ఒకటి జనవరి. నేస్ ఊరి చివర ఒక నర్సింగ్ హోమ్‌లో నేను నర్సుని. ఐర్లండ్ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ముందు నేను వచ్చి కుదురుకుంటే, వేసవికల్లా మా ఆయన జయకుమార్, మా పాప జెమీమా వచ్చేస్తారని అనుకున్నాం. ఇంతలో కరోనా వచ్చిపడింది. విమానాలు ఆగాయి. వీసా ఆఫీసు మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. వాళ్ళిద్దరూ ఒంగోలులో మా అత్తయ్య దగ్గర ఉండిపోయారు. నేనిక్కడ ఇద్దరు మలయాళీ నర్సులతో ఒక అద్దె ఇంట్లో, పిల్ల కోసం కొన్న గులాబీ రంగు చలికోటుతో ఉండిపోయాను. ఆ కోటు ఇప్పుడు దానికి పట్టదు.

క్రిస్మస్ అయ్యాక జెమీమా ఫోన్లో మాట్లాడటం తగ్గించేసింది. "హాయ్ అమ్మా" అని చెయ్యి ఊపి పరుగెత్తేది. ఊడిన పన్ను చూపించవే అంటే, వాళ్ళ నాయనమ్మకు చూపించి నాకు చూపించకుండా పోయేది. ఒకరోజు పక్కింటి పిల్లను తీసుకొచ్చి తెర మీద నన్ను చూపిస్తూ "ఇదిగో, మా ఫోనమ్మ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఈ ఏడు కూడా పిల్ల రాకపోతే దానికి నేను అమ్మను కాను, పండక్కి మొహం చూపించే చుట్టాన్ని అవుతాను. అప్పట్లో నా భయమంతా అదొక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నర్సింగ్ హోమ్‌లో ఉండే ఒక పెద్దావిడ కొడుకు స్టాఫ్ కోసం చైనీస్ భోజనం పంపించాడు. ఆయన్ని లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. వానలో కిటికీ బయట నిలబడి, తల్లికి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. ఆ సంచీలోనే వచ్చింది కాగితం. దాని మీద పన్నెండు జంతువుల బొమ్మలు, ఒక్కో దాని కింద సంవత్సరాలు. రెండువేల పదిహేను కోసం వెతికితే గొర్రె కనిపించింది. మెత్తని మనసు, పాటలంటే ఇష్టం అని రాసి ఉంది. నిజమేనని మురిసిపోతుండగా చివరి మాట కంటపడింది. ఈ జంతువు ఇల్లు వదలడానికి ఇష్టపడదట. కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలోకి విసిరేశాను.

"దానిమీద కోపమెందుకు?" అని సూ లిన్ అడిగింది. సూ లిన్ నాతోపాటు అక్కడే పనిచేసే మలేసియా చైనీస్ ఆమె. ఊరు ఇపో. ఐర్లండ్‌లో నాకంటే చాలా సీనియర్. ఇక్కడివాళ్ళు ఫర్వాలేదు అనడానికి గ్రాండ్ అంటారు, ఆమెకు ఏదైనా గ్రాండే. సూపు మాడినా గ్రాండ్, నైట్ డ్యూటీకి మనిషి రాకపోయినా గ్రాండ్. ఆ మాట వింటే నాకు ఒంటికి కారం రాసినట్టు ఉండేది.

ఆమె ఆ కాగితాన్ని బుట్టలోంచి తీసి, సాపు చేసి చూసింది. పాప ఏ నెలలో పుట్టిందని అడిగింది. జనవరి ఇరవై రెండు అన్నాను. అయితే గొర్రె కాదు, దానికి ముందు ఏడాదిది, గుర్రం అంది. వాళ్ళ జాతకంలో ఏడాది మారేది జనవరి ఒకటిన కాదట. మన ఉగాదిలా వాళ్ళకూ వేరే లెక్క ఉందట. ఫిబ్రవరి మొదటి వారంలో వసంతం అడుగుపెట్టాకే కొత్త జంతువు వస్తుందట. ఈ హోటల్ కాగితాలు నమ్ముకుని జనవరిలో పుట్టినవాళ్ళంతా పక్కింటివాళ్ళ జంతువును మోసుకుని తిరుగుతుంటారని నవ్వింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ గుర్రం అనగానే నా మొహం వెలిగిపోయి ఉంటుంది, ఆమె కూడా హుషారుగా కూర్చుంది. ఏడాది జంతువు ఒక్కటే జాతకం కాదంది. అది ఇంటిపేరు లాంటిదట. మనిషి సొంత జాతకానికి నాలుగు కావాలి, పుట్టిన ఏడు, నెల, రోజు, గంట. ఒక్కోదానికి ఒక్కో జంతువు. వాళ్ళ తాత ఇపోలో ఊరందరికీ జాతకాలు వేసేవాడట. ఆయన పక్కన కూర్చుని ఈమె నేర్చుకుందట. చేతులు తుడుచుకునే కాగితం మీద నాలుగు గడులు గీసి, ఫోన్లో ఏదో చూసుకుంటూ నింపింది. గుర్రం ఏడు. ఎద్దు నెల. కుక్క రోజు. నాలుగో గడి ఖాళీ.

గుర్రం ఏట పుట్టినవాళ్ళకు మిగతా మూడింటిలో ఎక్కడన్నా కోతి పడితే, దాన్ని ప్రయాణపు గుర్రం అంటారని చెప్పింది. ఆ గుర్రం ఉన్నవాళ్ళు సముద్రం దాటుతారట. నెలలో కోతి లేదు, రోజులో లేదు. ఇక మిగిలింది గంట. కోతి గంట మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా.

"పాప ఎన్నింటికి పుట్టింది?"

నేను తల్లిని, పైగా నర్సుని, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చేలా ఉంటే, పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. నేను కళ్ళు తెరిచేసరికి వార్డులో లైట్లు వేసి ఉన్నాయి, పిల్ల పక్కన నిద్రపోతోంది. నా కూతురు పుట్టినప్పుడు నేను లేను. మధ్యాహ్నం ఎప్పుడో అని నసిగాను.

ఇలాంటివి మనవి కావని నాకు తెలియదా? బాప్తిస్మం తీసుకున్నదాన్ని. ఆదివారం జూమ్‌లో ఆరాధనకు కూర్చుని, పాస్టరుగారు వాక్యం చెబుతుంటే మనసులో కోతి, కోతి అనుకుంటూ ఉన్నాను. దేవుడు క్షమించాలి. కానీ ఎవరిని అడిగినా తెలియదనే చెప్పే ఏడాది అది. ఎంబసీని అడిగినా తెలియదు, ఏజెంటును అడిగినా తెలియదు. వస్తుంది అని ఒక్కరు చెబితే చాలు, ఆ చెప్పింది చైనా లెక్క అయినా సరేననిపించింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. పిల్ల పుట్టే సమయానికి తను రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాడట. వచ్చేసరికి పిల్లను తువ్వాలులో చుట్టేశారట. డిశ్చార్జి కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎటో పోయాయి. నా పోరు పడలేక ఆస్పత్రికి వెళ్ళాడు. దాన్ని కోవిడ్ ఆస్పత్రి చేశారు, గేటు దగ్గరే ఆపేశారు. తిరిగొచ్చి, "కోతి కావాలంటే ఇంట్లోనే ఉందిగా, మంచం మీంచి దూకతా ఉంది చూడు" అని కెమెరా అటు తిప్పాడు. జెమీమా నిజంగానే దూకుతోంది. నావైపు చూడలేదు.

ఇక తెలిసే అవకాశం ఉన్నది మా అత్తయ్యకే. ఆమెను అడగడమంటే పులి నోట్లో చెయ్యి పెట్టడమే. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క మంచాల వాళ్ళ చుట్టాలు జాతకం కోసం వాచీలు పట్టుకుని థియేటర్ తలుపు దగ్గర కాపలా ఉండేవాళ్ళు. కొందరైతే ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకున్నారు. మా ఇంట్లో పుట్టిన వేళ ఎవరూ రాసుకోరు. అది మా అత్తయ్యకు గొప్ప. ఎవరన్నా అడిగితే, ప్రభువు ఇచ్చిన వేళకు పుట్టింది అనేది. నేను అడగగానే మా ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని నన్ను దులిపేసింది. ఇవ్వాళ వేళ అడుగుతావు, రేపు రాయి ఉంగరం పెడతావు, ఎల్లుండి చర్చి మానేస్తావు అంది. ఫోన్ పెట్టేసింది. ఆవిడ మీద కోపంతో ఆ వారమంతా మా ఆయనతో కూడా సరిగా మాట్లాడలేదు.

తర్వాత ఒక ఉదయం నేను మందుల ట్రాలీ తోసుకుంటూ ఉండగా ఆమే ఫోన్ చేసింది. మా అత్తయ్య తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు. ఎవరికి ఏమైందోనని ట్రాలీ అక్కడే ఆపేశాను. ఆమె పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

"మూడుంబావు" అంది.

"ఏంటత్తయ్యా?"

"పిల్ల పుట్టిన వేళ. మూడింటి ప్రార్థనకి వరండాలో మోకరించా. లేచేతలికి నర్సు తలుపు తీసి ఆడపిల్ల అన్నది. ఎదురుగా గోడ గడియారం. చూడకూడదు అనుకున్నా, కళ్ళు పడ్డాయి. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలా. నీ మొగుడికి చెప్పబాక."

ట్రాలీ వదిలేసి పరుగెత్తాను, నర్సింగ్ హోమ్‌లో పరుగెత్తకూడదు. మూడుంబావు, అంటే కోతి గంట. సూ లిన్ లినెన్ గదిలో దుప్పట్లు మడుస్తోంది. నేను చెప్పగానే నవ్వింది. నవ్వి, ఫోన్ తీసి, ఒంగోలు ఇండియాలో ఎటువైపని అడిగింది. దేనికన్నాను. జాతకంలో గంటంటే గోడ గడియారం చెప్పేది కాదట, పుట్టిన ఊరి మీద సూర్యుడు ఎక్కడున్నాడో అదట. ఇండియా మొత్తానికి ఒకటే గడియారం, ఒంగోలుకు సూర్యుడు కాస్త ఆలస్యంగా వస్తాడు. జనవరి నెలలో ఇంకాస్త వెనకబడతాడు. ఆమె లెక్క వేస్తుంటే నవ్వు తగ్గుతూ వచ్చింది. సూర్యుడి ప్రకారం మూడు కాలేదంది. ఇంకా కొన్ని నిమిషాలు ఉన్నాయంది.

"గొర్రె గంట, సంతోషా. సారీ."

నాకు తిక్క రేగింది. సూర్యుణ్ణి ఎవరడిగారన్నాను. తెలిసినా నోరు మూసుకుని ఉండొచ్చుగా అన్నాను. ఒక్క మాట, అవునని చెప్పడానికి నీదేం పోయింది అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. సగం తెలుగులో అన్నాను కాబట్టి సరిపోయింది. ఆమె దుప్పటి మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టింది.

"నా జాతకంలో ప్రయాణపు గుర్రం ఉంది. ఒకటి కాదు, రెండు. మా అమ్మను చూసి మూడేళ్ళయింది" అంది.

ఆ దొంతరలో సగం తీసుకుని ఆమె వెనకాలే నడిచాను. గదులన్నీ తిరిగి పక్కలు వేశాం. ఆ రోజంతా ఆమె నోట గ్రాండ్ అన్న మాట రాలేదు. వస్తే బాగుండునని మొదటిసారి అనిపించింది.

మర్నాడు టీ బ్రేక్‌లో లాండ్రీ వెనక బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తింది అత్తయ్యే. పక్కనే మంచం మీద జెమీమా బొమ్మకు జడ వేస్తోంది.

"ఏమన్నది మీ చైనా ఆవిడ?" అని అత్తయ్య అడిగింది.

తిడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుని అడుగుతోంది. నాతోపాటు ఆమె కూడా ఆ కోతి కోసం చూస్తోందని అప్పుడు అర్థమైంది. సూర్యుడి లెక్క చెప్పాను. కోతి పడలేదు, కాస్తలో తప్పిపోయింది అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అది చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆ వేళకి నేను లేను అత్తయ్యా. ఇప్పుడూ లేను. దానికి నేను ఎప్పుడున్నానని? ఫోనమ్మ అనక ఇంకేమంటది?"

"లేకపోవడమేంది?" అంది అత్తయ్య. "నీకు తెలవదు గానీ, పుట్టినప్పటి నుంచి ఒకటే గుక్క. నా చేతిలో పెట్టారు. తిప్పా, పాట పాడా, ఊరుకోలా. నీ మొగుడు ఎత్తుకున్నాడు, ఊరుకోలా. ఇంతలో నిన్ను బండి మీద తోసుకొచ్చారు. పీనుగ లాగా ఉన్నావు. నర్సును ఒక్క నిమిషం ఆగమని, దాని చెంప తీసకపోయి నీ చెంపకి ఆనించా. టక్కున ఊరుకుంది. నీకు తెలివి లేదు గానీ, దానికి తెలుసు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నువ్వు అడగలా."

మాస్కు మెడ మీదికి లాక్కుని, మోచేతిలో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. లోపల ఎవరన్నా వింటారన్న సిగ్గు కూడా లేదు. అటువైపు జెమీమా గొంతు వినిపించింది, నేనా నాయనమ్మా, నేనే ఊరుకున్నానా అని అడుగుతోంది. తర్వాత ఏదో గలగలమంది. తెర చీకటైంది.

సిగ్నల్ పోయిందనుకున్నాను. చిన్నీ, కనపడట్లేదే అన్నాను. దూరంగా మా ఆయన గొంతు వినపడింది.

"ఫోన్ ఇవ్వట్లేదు సంతోషా. చెంపకి ఆనించుకుని పడుకుంది."

నేను ఫోన్ నా చెంపకు పెట్టుకున్నాను. అద్దం చల్లగా ఉంది. ఆ పిల్ల ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి చిన్నగా అడిగింది.

"అమ్మా, ఊరుకున్నావా?"

ఇంకా లేదు, ఇంకాసేపు అలాగే ఉండమన్నాను.