ఖాళీ గడి

"బీన్స్ లెక్కపెట్టి మరీ కోస్తున్నావేంటమ్మా, ఎన్నొచ్చాయేం?" అని అత్తగారు అడిగేదాకా తన పెదవులు కదులుతున్న సంగతి ఆమెకు తెలియలేదు. ఒకటీ రెండూ మూడూ నాలుగూ, మళ్ళీ ఒకటీ రెండూ. లెక్క బీన్సుది కాదు, ఫ్లూటుది. ఆ మాట చెబితే ఇంకో పావుగంట వేళాకోళం. అందుకని "నలభై రెండు అత్తయ్యా" అంది. అత్తగారు తృప్తిపడి టీవీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడాదిగా శనివారం మధ్యాహ్నాలు మూడింటి నుంచి ఐదింటి దాకా ఆమె లైబ్రరీ పైగదిలో సంగీతం రాయడం నేర్చుకుంటోంది. పాడటం కాదు, రెండు మూడు వాయిద్యాలు కలిసి వాయించేలా చిన్న చిన్న రచనలు చేయడం. "నలభై నాలుగేళ్ళకి ఓనమాలా?" అంది ఆడపడుచు. "పోనీలే అక్కా, వారానికి రెండు గంటలేగా" అని భర్త పెద్దమనసు చేసుకున్నాడు. ఆ పెద్దమనసు గురించి ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుంటాడు. ఆ రెండు గంటల కోసం శనివారం చీకటితోనే లేచి రెండుపూటల వంటా, వారం బట్టలూ ముగించుకునేది మాత్రం ఆమే. ఆఫీసులోనూ అదే భాగవతం. పదహారేళ్ళ సర్వీసున్నా మీటింగులకు టీలు చెప్పాల్సింది ఆమే. "ఎవరికెంత చక్కెరో మీకైతే గుర్తుంటుంది మేడమ్" అంటారు. గుర్తుంచుకోవడం కూడా ఒక చాకిరీయేనని ఒక్కడికీ తట్టదు.

కూతురు విసుగొచ్చి వదిలేసిన కీబోర్డు మీద, ఇస్త్రీ బట్టల కుప్పను పక్కకు జరుపుకుని, ఫ్లూటుకూ క్లారినెట్‌కూ, పెద్ద వయొలిన్‌లాంటి చెల్లోకూ కలిపి తన మొదటి రచన రాసింది. మూడూ ఒకేసారి పలికించే నేర్పు ఆమె చేతులకు లేదు. విడివిడిగా వాయించుకుని, కలిస్తే ఎలా ఉంటుందోనని ఊహించుకునేది.

క్లాసులో ఫ్లూట్ వాయించేది ఒక దర్జీ. క్లారినెట్ ఒక నర్సు పిల్లది, చెల్లో టీచరుగారిది. పోయిన వారం ముగ్గురూ ఆ కాగితాలు ముందు పెట్టుకుని మొదలుపెట్టారు. సగంలోనే దర్జీ మొహం కందగడ్డలా అయిపోయి, ఫ్లూట్ దించేశాడు. "అక్కయ్యగారూ, అంతా బాగానే ఉంది గానీ, నేను ఊపిరెక్కడ తీసుకోవాలండీ?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తీరా చూస్తే, గడికి నాలుగు లెక్కల చొప్పున, నలభై రెండు గడుల పొడుగునా ఫ్లూటుకు ఒక్క విరామం లేదు. "రాయడం మర్చిపోయావా?" అంది టీచరుగారు. మర్చిపోవడం కాదు, మధ్యలో ఆగవచ్చన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఒకరు ఆగితే పని ఎలా నడుస్తుంది? ఇంటికి వెళ్తూ బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చుని ఏడ్చింది, ఎందుకో తనకే సరిగ్గా తెలియకుండా.

ఆ వారమంతా విరామాలు రాసింది. ఫ్లూటును ఆపిన ప్రతిచోటా తప్పు చేసినట్టనిపించి, ఆ లోటు పూడ్చడానికి క్లారినెట్‌ను పరిగెత్తించేది. మళ్ళీ కొట్టేసేది. చివరికి ఇరవై ఎనిమిదో గడిలో తెగించి ముగ్గురినీ ఒకేసారి ఆపేసింది. గడి మొత్తం ఖాళీ. ఆ ఖాళీ నిలబడుతుందా, వాళ్ళేదో మర్చిపోయినట్టు వినిపిస్తుందా? అది కాగితం మీదా, కీబోర్డు మీదా తేలేది కాదు, గదిలో కూర్చుని చెవులారా వినాలి. నిన్ననే ఆఫీసు నుంచి వస్తూ ఆ కాగితాలు టీచరుగారికి ఇచ్చి వచ్చింది. ఈ రోజే ఆఖరి క్లాసు. నర్సు పిల్ల ఉద్యోగానికి ఈ సాయంత్రమే వేరే ఊరు వెళ్ళిపోతోంది.

బీన్స్ ఇంకా ఉడకనే లేదు, భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా బావా భోజనానికి వస్తున్నారు. ఈ ఒక్క శనివారం మానెయ్యరాదూ?"

"ఇవాళ నేను రాసింది వాయిస్తారండీ."

"వాయించేది వాళ్ళేగా, నువ్వుంటేనేం, లేకపోతేనేం? సరేలే, వడ్డించి వెళ్ళు. ఎవరొద్దన్నారు?"

పన్నెండింటికి రావలసినవాళ్ళు రెండింటికి వచ్చారు. "నీ చేతి వంట తిని ఎన్నాళ్ళయిందే" అంటూ ఆడపడుచు మారు వడ్డించుకుంది. ఆడపడుచు భర్తకు కాఫీ కావాలి. గిన్నెలు అలా వదిలి వెళ్తే అత్తగారు వారం రోజులు తలుచుకుంటుంది. ఆమె అన్నీ తోమి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరిగెత్తేసరికి బస్సు కదిలిపోయింది.

పైగదిలోకి వెళ్ళేసరికి టీచరుగారు చెల్లోను పెట్టెలో పెడుతోంది. "ఎంతసేపు చూశామమ్మా నీకోసం! ఆ పిల్లకి టైమైపోతోందంటే ఇక వాయించేశాం."

"ఆ ఆగేచోటు ఉంది చూశారూ," అన్నాడు దర్జీ మెరిసే కళ్ళతో, "వరండాలో ఊడుస్తున్నావిడ చీపురాపి అలాగే నిలబడిపోయింది అక్కయ్యగారూ!"

ఫోనులో రికార్డు చేయాలని ఎవరికీ తోచలేదు. "చాలా సంతోషమండీ" అంది ఆమె. బాగుందని ఒకరు చెబితే తెలుసుకోవడం ఆమెకు కొత్తేమీ కాదు. ఇంట్లో కూర ఎలా కుదిరిందో తెలిసేదీ అలాగే, అందరూ తిని లేచాక. మూడు కుర్చీలూ ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి. వాటిని గోడవారకు సర్ది వచ్చేసింది.

"ఎలా జరిగింది నీ కచేరీ?" అన్నాడు భర్త.

"నేను వెళ్ళేసరికి అయిపోయింది."

"అయ్యో! పోనీలే, రాసింది నువ్వేగా. ఎలా ఉంటుందో నీకు తెలుసుగా."

ఓదార్పుగానే అన్నాడు. అందుకే ఆమెకు దుఃఖం ఆగలేదు.

తర్వాతి శనివారం మూడింటికి ఆమె చెప్పులేసుకుంటుంటే ఆయన పేపర్లోంచి తలెత్తాడు. "క్లాసులు అయిపోయాయన్నావుగా?"

"అయిపోయాయి."

"మరెక్కడికి? పనేమిటి?"

"ఏ పనీ లేదు. ఐదింటికి వస్తాను" అని ఆమె మెట్లు దిగింది.