కంటికొలత

వీధిలో అందరూ అతన్ని కంటికొలత టైలరనేవారు. మనిషి గుమ్మం దాటి వచ్చి కుర్చీలో కూర్చునేలోపే ఛాతీ ఎంతో, నడుమెంతో, ఏ భుజం కాస్త వాలిందో కాగితం మీద రాసేసేవాడు. అర అంగుళం తేడా వచ్చిందని ఇన్నేళ్ళలో ఒక్కరూ వెనక్కి రాలేదు. దాంతో కాస్త తలకెక్కింది కూడా. మెడలో టేపు వేసుకునేది తను టైలరని తెలియడానికేనని చెప్పుకునేవాడు.

చలి ముదురుతోందని ఆ ఏడు భార్యకు ఉన్ని కోటు కుట్టాడు. వచ్చిన పనులన్నీ పక్కన పెట్టి, మూడు రోజులు దాని మీదే కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ క్యారియరు పట్టుకుని షాపుకు రాగానే తొడిగించాడు. భుజాలు చేతుల మీదకు జారాయి. నడుం దగ్గర గుప్పెడు గుడ్డ మిగిలింది.

"ఉన్ని సాగినట్టుంది," అన్నాడు.

"తడిపి ఆరేశాకే కదా అన్నయ్యా కత్తిరించావు," అంది కాజాలు కుడుతున్న చెల్లెలు.

"అయితే లోపలి అస్తరు జారుడుది. కోటును నిలవనివ్వట్లేదు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అస్తరు తర్వాత కత్తెర వంతు, కత్తెర తర్వాత ఇస్త్రీపెట్టె వంతు వచ్చాయి. తెలివైనవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. తప్పు రెప్పపాటులో చేస్తారు. అది తప్పు కాదని రుజువు చేయడానికి మాత్రం నిదానంగా, పద్ధతిగా, గంటసేపు ఆలోచిస్తారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనాలంటే బుర్ర గట్టిగానే పనిచేయాలి మరి.

చెల్లెలు సూది పక్కన పెట్టింది. "వదినకు టేపు పెట్టావా?"

"ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మనిషికి టేపెందుకే?"

"నా మాట విని ఒక్కసారి పెట్టు."

చెల్లెలి నోరు మూయించడానికే టేపు తీశాడు. ముప్పై ఎనిమిదనుకున్న చోట ముప్పై నాలుగు వచ్చింది. సరిగ్గా చదవలేదేమోనని మళ్ళీ పెట్టాడు. మూడోసారి పెట్టినప్పుడు వేళ్ళకు పక్కటెముకలు తగిలాయి. అప్పుడు తలెత్తి, ఇప్పుడే గుమ్మం దాటి వచ్చిన మనిషిని చూసినట్టు ఆవిడను చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ కింద ఎముకలు పైకి తేలాయి. ఊళ్ళోవాళ్ళకు చూసి కుట్టేవాడు, ఈవిడకు మాత్రం గుర్తున్న కొలతతో కుట్టాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"మూడు నెలలుగా తిండి సయించట్లేదండీ. రెండు ముద్దలకే చాలనిపిస్తోంది."

"నాతో ఒక్క మాట అనకూడదూ?"

"అందామనే అనుకున్నాను. అద్దంలో చూసుకుంటే చిక్కానేమో అనిపించేది. కానీ మీ కంటికి అర అంగుళం తేడా కూడా దొరికిపోతుంది కదా. మీరేమీ అనట్లేదంటే నాకేమీ లేదులే అనుకున్నాను."

అతనికి కోపం వచ్చింది, తన కళ్ళ మీదే. ముప్పై ఏళ్ళలో ఆవిడ తనను నమ్మని సందర్భం ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. వదులు కోటునే ఆవిడకు దగ్గరగా చుట్టి, ముందువైపు రెండు పిన్నులు పెట్టాడు. షాపు చూసుకోమని చెల్లెలికి చెప్పి, క్యారియరు విప్పకుండానే ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

నర్సు చీటీ రాస్తూ, "బరువెంత ఉంటారమ్మా?" అని అడిగింది.

ఆవిడ అలవాటు కొద్దీ అతని వైపు తిరిగింది. అతనికి నాలుక చివరికి ఒక అంకె వచ్చేసింది. మింగేశాడు.

"నాకు తెలియదమ్మా. తూచండి."

పిన్నులు తీసి, కోటు విప్పి తన చేతి మీద వేసుకున్నాడు. ఆవిడ తూకం యంత్రం ఎక్కుతుంటే తూలుతుందేమోనని చెయ్యి పట్టుకున్నాడు.

"వదిలేయండి సార్. మీరు పట్టుకుంటే లెక్క తప్పొస్తుంది," అంది నర్సు.

వదిలేశాడు. ఒకడుగు వెనక్కి వేసి, ముల్లు ఆగేదాకా రెప్ప వేయకుండా ఆవిడనే చూశాడు.