కల్లంలో బాట

పెదకాకాని గుడి రోడ్డులో ఉన్న అనీసా స్టూడియోలో ఫొటో వెనక పెట్టడానికి రకరకాల దృశ్యాలుంటాయి. పెళ్లిచూపుల అమ్మాయిలకి ఊటీ కొండలు, అరవై దాటినవాళ్లకి గోపురం. మబ్బులూ దీపమూ మాత్రం పోయినవాళ్లకే. బతికున్న మనిషి వెనక వాటిని అనీసా పొరపాటున కూడా పెట్టదు.

"మబ్బులు పెట్టావంటే నేనిక్కణ్ణుంచి లేవను," అంది అంకమ్మ, కుర్చీ దగ్గరికి లాక్కుని.

పొద్దున ఆమె మరిది సంజీవరావు ఫోన్‌లో అనీసాకి చెప్పింది వేరు. అన్న వెంకటనారాయణ కనిపించకుండా పోయి ఏళ్లు గడిచాయి, దర్భబొమ్మకి దహనం చేసి పెద్దకర్మ జరిపిస్తాం, ఫ్లెక్సీకి మబ్బుల ఫొటో కావాలన్నాడు.

"బొమ్మని తగలేసి నా బొట్టు తీయిస్తారంట. రేపు మనిషి తిరిగొస్తే ఏం చెప్తారంట? నువ్వు గోపురం పెట్టవే."

"నన్నెందుకు మధ్యలో ఇరికిస్తారు పిన్నీ? ముందు ఫొటోలోంచి మనిషిని విడదీయనివ్వండి, తర్వాత మీరూ మీరూ తేల్చుకోండి."

తెర మీదున్నది వెంకటనారాయణ ఆఖరి ఫొటో. కల్లంలో ఎండబోసిన మిరపకాయల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. అనీసా ఆ ఫొటోకి నకలుగా ఇంకో పొర తీసి, దాని మీద మాస్క్ వేసింది. తెల్లరంగు పూసినచోట మనిషి ఉంటాడు, నల్లరంగు పూసినచోట చుట్టూ ఉన్నది మాయమవుతుంది. చెవి అంచు, తువ్వాలు పోగులు నిదానంగా తేల్చుకుంటూ వచ్చింది.

"ఆ పై గుండీ పెట్టు. నేనెంత మొత్తుకున్నా పెట్టుకునేవాడు కాదు."

"గుండీలు కుట్టడం నాకు రాదు పిన్నీ," అనీసా నవ్వింది.

మనిషి విడిగా వచ్చాడు. కింది పొరలో ఆయన్ని చెరిపేసినచోట మనిషి ఆకారంలో ఖాళీ మిగిలింది. అంకమ్మ దాన్ని చూసి తల తిప్పుకుంది.

"అట్టా వదిలేయమాక. పూడ్చు."

ఆ ఖాళీతో పనేమీ లేదు, గోపురం పెట్టినా మబ్బులు పెట్టినా అది కనపడదు. అయినా ఆమె మొహం చూసి అనీసా బటన్ నొక్కింది. చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఊహించి కంప్యూటర్ ఖాళీ నింపుతుంది. మిరపకాయలు పరుచుకున్నాయి. వాటి మధ్య సన్నటి బాట.

"కాయలు తిరగేసేవాళ్లు నడవడానికి మేం వదిలే బాట," అంది అంకమ్మ. "ఆయన వెనకాల అక్కడే ఉండేది."

"అది ఊహించి గీస్తుంది పిన్నీ. మళ్లీ నొక్కితే ఇంకోలా వస్తుంది, చూడండి."

నొక్కింది. అదే బాట. ఇంకోసారి నొక్కినా అదే.

"అటు పక్కకి జరుపు," అంది అంకమ్మ.

"ఫొటో అంతవరకే ఉంది."

"పెళ్లి ఫొటోల్లో పందిరి పెంచుతావుగా. పెంచు."

అనీసా ఫ్రేమ్ అంచుని కుడివైపు లాగింది. కొత్తగా వచ్చిన ముక్కలో బాట సాగింది. మళ్లీ లాగింది. కాయలు అయిపోయి ఎండుగడ్డి వచ్చింది. గడ్డి మధ్య అణిగిన బాట. మూడో ముక్కలో నల్లరాతి గట్టు, దాని వెనక చీకటి. గట్టు మీద తువ్వాలు.

అనీసా మౌస్ వదిలేసింది. ఆ కల్లం ఆమె ఎన్నడూ చూడలేదు. "ఇది కల్పన పిన్నీ. అది అలాగే ఏదో ఒకటి పెట్టేస్తుంది."

అంకమ్మ వినలేదు. తెరకి అంగుళం దూరంలో వేలు పెట్టి గట్టు రాళ్లు తడుముతున్నట్టు కదిపింది. "ఈ మూల రాయి మా మామ ఉన్నప్పుడే ఊడింది. బోరు పడ్డాక ఈ బావి వైపు ఎవరూ పోలేదు. ఊరూరూ వెతికాం. తాడేపల్లిలో ఏటి ఒడ్డున కూడా వెతికాం."

ఫోన్ తీసి మరిదికి చేసింది.

"ఒరేయ్ సంజీవా, ఇంజను తీసుకుని కల్లం కాడికి రా. పాతబావి తోడించాలి."

అవతల ఏదో అడిగాడు.

"ఎవరూ చెప్పలా. నువ్వు రా, అంతే."

లేచి చెప్పులు వేసుకుంది. గుమ్మంలో ఆగి, "గోపురం, మబ్బులు ఏదీ పెట్టమాక. నేను కబురు చేసేదాకా ఆయన్ని కోయొద్దు," అంది.

ఆమె వెళ్లాక అనీసా చేసినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసింది. బావి పోయింది, గడ్డి పోయింది, బాట పోయింది. వెంకటనారాయణ మిరపకాయల మధ్యకి తిరిగొచ్చి నిలబడ్డాడు. పొద్దుట్నుంచీ చూస్తున్న నవ్వే. ఆయన ఎడమపాదం మాత్రం ఇప్పుడు, వెళ్లబోతూ పిలిస్తే ఆగినట్టు, బాట సాగిన కుడివైపుకి తిరిగి ఉంది.