దరువును ఎందుకు చంపినట్టు?

పుస్తకాల దుకాణం మేడమీద గదిలో, కొత్త నవల మీద సభకు కుర్చీలు ఆశగా చాలానే వేశారు. సగం నిండాయి. నిండినవాటిలో సగం రచయిత్రి తరపు బంధువులవే. వాళ్లమ్మ ముందు వరసలో కూర్చుంది. పుస్తకం సంగీతం గురించి అని చుట్టాలందరికీ చెప్పుకున్నది ఆవిడే.

నవల నిజానికి ఇద్దరు అమ్మాయిల కథ. కాలేజీ రోజుల్లో ఒక రేకుల షెడ్డులో బ్యాండు పెట్టుకుంటారు. పాడే అమ్మాయి, డ్రమ్స్ వాయించే అమ్మాయి ప్రేమించుకుంటారు. కాస్త పేరొస్తోందనగా డ్రమ్స్ పిల్ల లారీ కింద పడి చనిపోతుంది. వాళ్లది ఇండీ సంగీతం. అంటే ఏ కంపెనీ అండా లేకుండా సొంత పాటలు సొంతంగా పాడుకోవడం. వినేవాళ్లు కూడా చాలావరకు సొంతవాళ్లే.

వేదిక మీద రచయిత్రితో మాట్లాడటానికి వచ్చిన విమర్శకుడు పెద్దమనిషి. ప్రేమ అన్న మాట వాడితే నాలుక కాలుతుందేమో అన్నంత జాగ్రత్తగా, మొదటి నుంచీ "గాఢమైన స్నేహం" అనే అన్నాడు. ముద్దు సన్నివేశాన్ని "ఆ సంఘటన" అన్నాడు. రచయిత్రి సరిదిద్దబోతే, "అదేనమ్మా, స్నేహానికి పరాకాష్ఠ" అని ఒప్పుకున్నాడు. చావు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయనకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఇలాంటి కథలకు అదే సహజమైన ముగింపనీ, ఆ లారీ రాకపోతే నవలకు గాంభీర్యమే వచ్చేది కాదనీ లారీని తెగ మెచ్చుకున్నాడు.

ప్రశ్నలుంటే అడగమనగానే వెనక నుంచి పొట్టి జుట్టు మనిషి ఒకామె లేచింది. ఆమెను చూడగానే రచయిత్రి మొహం పాలిపోయింది. కాలేజీ రోజుల్లో రచయిత్రి పాడిన బ్యాండులో అందరూ దరువు అని పిలిచిన మనిషి ఆమే.

"నన్నెందుకు చంపావు?" అంది దరువు.

ఇదేదో ప్రతీకాత్మకమైన ప్రశ్న కాబోలనుకుని విమర్శకుడు గంభీరంగా తల ఊపాడు.

అలాంటిదేం కాదని దరువు వివరించింది. ఆ డ్రమ్స్ పిల్ల తనేననీ, తనను ఏ లారీ గుద్దలేదనీ, ఇక్కడికి రెండు వీధుల అవతలే డ్రమ్స్ నేర్పుకుంటూ బతుకుతున్నాననీ చెప్పింది. తరవాత రచయిత్రి వైపు తిరిగింది.

"నీకు శ్రుతి కుదరడం లేదు, వేరే అమ్మాయి పాడుతుంది అన్నాను. నిన్ను తీసేసింది బ్యాండులోంచే. నన్ను కూడా వదిలేసి పోయింది నువ్వు."

నవలలో ఆ గాయని గొంతెత్తితే పిట్టలు సైతం ఎగరడం మానేసి వింటాయి. ఆ పిట్టలు గుర్తొచ్చినవాళ్లు కిందికి చూశారు.

సాహిత్యంలో మరణం ఒక అవసరమని రచయిత్రి ఏదో మొదలుపెట్టింది. తన మాట తనకే వెగటనిపించి ఆపేసింది.

"ఒళ్లు మండిపోయింది," అంది చివరికి. "నువ్వు బతికుంటే నా గొంతు సంగతి కూడా రాయాలి కదా."

దరువు పగలబడి నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతూనే రచయిత్రి కూడా నవ్వింది. అన్నేళ్లుగా గుండెల్లో మోస్తున్నది ఇంత చిన్న కారణమా అనిపించింది ఆమెకు.

సభ అయ్యాక రచయిత్రి వాళ్లమ్మ దరువు చెయ్యి పట్టుకుంది. నవల చదివి ఇన్నాళ్లూ పోయిందనుకుని ఏడ్చిన పిల్ల ఎదురుగా నిలబడితే కోప్పడాలో సంతోషించాలో ఆవిడకు తేలలేదు. పెళ్లయిందా అని అడిగింది. దరువు పక్కనే ఉన్న ఆమెను చూపించి, "ఇద్దరం కలిసే ఉంటున్నాం ఆంటీ. కంటి డాక్టరు," అంది.

తల్లి కూతురి వైపు తిరిగింది.

"చూశావా? డాక్టరట."

రెండో ముద్రణకు ముగింపు మారుస్తానని రచయిత్రి ఫోను చేస్తే ప్రచురణకర్త లబలబలాడాడు. జనం ఏడ్చేదే అక్కడ అన్నాడు. చంపకపోతే పోనీ, కోమాలో పెట్టమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. కాలైనా విరగ్గొట్టమన్నాడు. డ్రమ్స్ వాయించడానికి కాళ్లు కూడా కావాలని ఆమె చెప్పింది. చివరికి జ్వరం దగ్గర బేరం తెగింది.

ఇప్పుడు దొరుకుతున్న పుస్తకంలో డ్రమ్స్ పిల్ల కొన్నాళ్లు మంచం పట్టి, లేచి, పథ్యం కూడా తినకుండా గాయనిని బ్యాండులోంచి తీసేస్తుంది.