గీకేసిన పేరు

మా నిమ్మనపల్లె వాళ్ళు కొత్త బండి కావాలంటే మదనపల్లెకు పోతారు. మేమూ అక్కడే అడిగాం. పికప్‌కు మూడు నెలలు ఆగాలన్నారు. చేలో టమోటా ఎర్రబడుతోంది. నిరుడు అద్దె బండివాడు వస్తా వస్తా అని ఫోన్లోనే ఊరించి రాకపోతే కాయంతా గట్టు మీదే పోయింది. అందుకని నా మొగుడు రెడ్డెప్ప తమిళనాడు సరిహద్దు దాటి కృష్ణగిరి వైపు వాకబు చేశాడు. అక్కడొక షోరూంలో తెల్ల పికప్ సిద్ధంగా ఉందనీ, ధర కూడా తగ్గించారనీ చెప్పాడు. అంత మంచి బేరం మనకే ఎందుకు తగిలిందని అడగాలి కదా, నేను అడగలేదు.

బండి తీసుకుని వస్తూ కుప్పంలో ఆగాం. మా వసుధకు ఏడేళ్ళు. ముందద్దం మీద తన పేరు ఉండాలని దారి పొడుగునా ప్రాణం తీసింది. మా వైపు ఏ పికప్ చూడండి, అద్దం మీద బిడ్డ పేరు లేకపోతే బోసిగా ఉంటుంది. రెడ్డెప్ప మాత్రం "ఊరికి పోయినాక సూద్దాంలే" అని గొణుగుతూనే ఉన్నాడు. నేను వింటేనా? స్టిక్కర్లు కోసే కుప్పుస్వామి కొట్టు ముందు పట్టుబట్టి ఆపించాను.

కుప్పుస్వామి పెద్దాయన. మిషన్ లేదు, బ్లేడుతోనే అక్షరాలు కోస్తాడు. ఎర్ర స్టిక్కర్‌లో 'వసుధ' కోసి పక్కన పెట్టి, అద్దం మీద సబ్బునీళ్ళు చల్లాడు. నీళ్ళు కిందికి జారేసరికి, పాత జిగురు అంటుకున్న చోట మసకగా అక్షరాలు తేలాయి. నేనే చదివాను. 'అంబిక'.

"ఇదేంది, కొత్త బండి మింద ఎవరిదో పేరుండాది?" అన్నాను.

కుప్పుస్వామి కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. గుడ్డ పట్టుకున్న చెయ్యి అద్దం మీదే ఆగిపోయింది.

"ఇది నేను కోసిందేనమ్మా. బార్డరుకు అవతలి ఊరాయన. తెలుగులోనే రాయాలని షోరూం నుంచి నేరుగా నా కాడికే వచ్చినాడు. పాపను గూడా తెచ్చినాడు. మీ పాపంత ఉంటాది."

"మరి బండి యాల వాపస్ ఇచ్చినాడు?"

ఆయన వసుధను ఒకసారి చూసి, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఊర్లో పూజ సేసినారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేటప్పుడు ఒక కాయ దొర్లిపోయిందంట. సరిగ్గా పెడదామని ఆ పాప వంగింది. స్టీరింగు కాడ నాయనే ఉండాడు. సూసుకోలేదు."

చూడకూడదనుకుంటూనే టైరు వైపు చూశాను. కొత్తగా, నల్లగా, శుభ్రంగా ఉంది. కొట్టు గుంజ పట్టుకుని నిలబడ్డాను.

ఆ షోరూం వాళ్ళను ఏడు తరాలకూ సరిపడా తిట్టాను. "బండి తిప్పు. వాళ్ళ మొగాన కొట్టి వద్దాం పద" అని రెడ్డెప్ప మీదికి వెళ్ళాను. ఆయన తలెత్తలేదు. చెప్పుతో నేల రాస్తున్నాడు.

ఆ తల దించుకోవడం చూసి, "నీకు తెల్సా?" అన్నాను.

"పేరు గీకించింది నేనే" అన్నాడు. "నువ్వు సూస్తే వద్దంటావని. ఆ సుట్టుపక్కల ఎవురూ కొనరంట, దూరమోళ్ళకు ఇద్దామని పెట్టుకోనుండారు. బండిదేముండాది శాంతా, అది ఇనుము. పంట సేతికొచ్చి ఉండాది."

ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. అన్నీ తెలిసి, ఆ అద్దం కోసం నా బిడ్డ పేరు కోస్తుంటే నోరు మెదపకుండా నిలబడ్డాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంకొక మాట మాట్లాడాలన్నా అసహ్యం వేసింది. వసుధను లాక్కుని బస్టాండుకు నడిచి పుంగనూరు బస్సెక్కాను. నాయన రాడా అని అది అడుగుతూనే ఉంది.

పుంగనూరులో దిగి మదనపల్లె బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. రెడ్డెప్ప మాకంటే ముందే వచ్చి, మేమున్న వైపే బండి పెట్టుకుని ఉన్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "శాంతా, రా. ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. వెనక బస్సువాడు హారన్ కొట్టడంతో బండిని ముందుకు కదిలించాడు. అప్పుడే వసుధ నా చెయ్యి విడిపించుకుని, నాయన దగ్గరికని బండి ముందు నుంచి పరిగెత్తింది.

బ్రేకు కీచుమంది. పిల్లకూ బంపరుకూ మధ్య జానెడు చోటు మిగిలింది. అది నాయన ఆటలాడుతున్నాడనుకుని నవ్వింది.

రెడ్డెప్ప దిగి వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. తల, చేతులు, కాళ్ళు తడిమి తడిమి చూశాడు. వెనక బస్సులు ఆగిపోయాయి, బండి తియ్యమని జనం తిడుతున్నారు. పిల్లను నాకిచ్చి బండి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎక్కలేకపోయాడు. మళ్ళీ పెట్టాడు. చివరికి ఆటో అతనెవరో తాళం తీసుకుని బండిని పక్కకు పెట్టాడు.

రెడ్డెప్ప బండిని అక్కడే వదిలి మాతో పాటే మదనపల్లె బస్సెక్కాడు. పిల్లను ఒళ్ళోంచి దించలేదు. బస్సు ఊరు దాటింది.

"ఆ పాప నాయన ఎట్ల బతుకుతాండాడో" అన్నాడు.